వానకి ముందు తవ్వాం, వాన తర్వాత మళ్ళీ తవ్వాం

మా ఇంటికి మూడు పక్కలా మట్టే. నాలుగో పక్క గుమ్మం, కిటికీలు. కప్పు మీదా మట్టే, దాని మీద గడ్డి. దూరం నుంచి చూస్తే అది ఇల్లని తెలీదు. పక్క ఊరి మేకలకైతే ఇప్పటికీ తెలీదు, తిన్నగా కప్పు మీదకి ఎక్కేస్తాయి. పునాది తవ్వుతున్నప్పుడు మా పెదనాన్న వచ్చి చూసి, "ఎలుగ్గొడ్డుకి కడుతున్నావేటిరా?" అన్నాడు.

ఊరు ఒడిశాలోని గజపతి జిల్లాలో, కాశీనగర్ దగ్గర. తాతగారి మెట్టు భూమి, వెనక చిన్న కొండ. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు కలవకముందు తాతగారి నాన్న రాయించుకున్న కాగితం తెలుగులో ఉంది. ఇప్పటి పట్టా ఒడియాలో ఉంది. అందులో భూమి రకం సాగు భూమి. ఇల్లు కట్టాలంటే దాన్ని "ఘరబారి"గా, అంటే ఇంటి స్థలంగా, మార్పించుకోవాలి. దానికి తహసీల్ ఆఫీసులో ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8ఎ కింద దరఖాస్తు పెట్టాలి. చెప్పులరిగాయి కానీ పని అయింది. లోను మాత్రం రాలేదు. ప్లాన్ చూసిన బ్యాంకాయన, "ఇది గోడౌనా?" అని అడిగాడు.

స్థలం ఎంచేటప్పుడు 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రే నా కళ్ళ ముందు మెదిలింది. ఆ వానకి మా జిల్లాలోనే కొండచరియలు జారి మనుషులు పోయారు. అందుకే నిటారు వాలు వైపు వెళ్ళలేదు. మెల్లగా దిగే చోటు చూసుకుని, ముందు ఏడాది శ్రావణంలోనే పది అడుగుల గొయ్యి తీయించి వదిలేశాను. అడుగున ఊట రాలేదు. వచ్చి ఉంటే అక్కడితో ఆపేసేవాణ్ణి.

ఇంజనీరుని విశాఖ నుంచి పిలిపించాను. పెట్టిన ఖర్చులో సరైన ఖర్చు అదొక్కటే అనిపిస్తుంది. ఇల్లు 30 అడుగులకి 18. కప్పు మీద అడుగున్నర మట్టి వేస్తే, అది తడిసినప్పుడు సుమారు 43 టన్నులు ఉంటుందని లెక్క వేసి చూపించాడు. మనుషులు తిరిగే మామూలు డాబాకి, సొంత బరువు కాక, చదరపు మీటరుకి 150 కిలోలు లెక్కేస్తారు. మాకు 850 దాటింది. మా మేస్త్రీ ఆ ఇనుము చూసి "వంతెనా బాబూ?" అన్నాడు. మామూలు డాబాకయ్యే ఖర్చుకి ఒకటిన్నర రెట్లయింది.

జనవరిలో జేసీబీ పెట్టాం. మా కొండలది ఖోండలైట్ రాయి. ఇక్కడి కోందు గిరిజనుల పేరు మీద వచ్చిన పేరట. ఎండకీ వానకీ మెత్తబడి ఉండడంతో తవ్వకం తొందరగానే అయింది. వేసవికి మూడు కాంక్రీటు గోడలు, స్లాబు పూర్తయ్యాయి. స్లాబు గట్టిపడ్డాకే వెనక మట్టి పూడ్చాలి. గోడ పైకొసని లోపలికి ఒరగకుండా పట్టి ఉంచేది ఆ స్లాబే. అంతవరకూ సరిగ్గానే చేశాను.

తప్పు ఆ తర్వాత జరిగింది. జ్యేష్ఠంలో మబ్బు కమ్మేసరికి టెన్షన్ పట్టుకుంది. గోడలకి బయట నల్ల పెయింటు కొట్టించి, తవ్విన మట్టినే ఒక్క రోజులో జేసీబీతో తోయించేశాను. ఆషాఢం దాటకుండానే పడమటి మూల చెమ్మ దిగింది. పది రోజులకి మూల నుంచి నీళ్ళు గదిలోకి పాకాయి. లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ వేయిస్తే పెచ్చులుగా ఊడింది. నీరు బయట నుంచి తోస్తుంటే లోపల ఏం పూసినా నిలవదు.

ఆ మధ్య కూలికి వచ్చిన సవర ఆయన గోడంతా తడిమి చూసి, "మా మడిగట్లకి సిమెంటు వెయ్యం బాబూ. వేస్తే నీరు కదలక బొజ్జ కట్టి పడిపోద్ది" అన్నాడు. సవరలు కొండ వాలు మీద ఉత్త రాళ్ళతో కట్టే మడిగట్లు చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఎందుకలా కడతారో ఎప్పుడూ అడగలేదు. ఇంజనీరుకి ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నాడు, కాకపోతే అంకెల్లో. గోడ వెనక మూడు మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే అడుగున చదరపు మీటరుకి మూడు టన్నుల ఒత్తిడి పడుతుంది.

కార్తీకంలో మళ్ళీ తవ్వాం. ఈసారి గునపం, పార, తట్ట. జేసీబీ పళ్ళు గోడకి తగులుతాయని భయం. గోడ కడిగి ఆరబెట్టి, మంటతో కాల్చి అంటించే తారు షీటు వేశాం. అడుగున చిల్లుల పీవీసీ పైపు పెట్టాం, వంద అడుగులకి ఒక అడుగు వాలు. పైపు మీద, గోడ వెంబడి పైదాకా అడుగు మందాన కంకర వేశాం. మట్టి జారి పైపు పూడకుండా కంకరకి జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టాం. తర్వాత మట్టిని అడుగు అడుగుగా దిమ్మిస కొట్టుకుంటూ నింపాం. ఇంటికి పైన, కొండ నుంచి దిగే నీటిని పక్కకి మళ్ళించడానికి అడ్డంగా కాలవ తీశాం. నెలన్నర పట్టింది.

రెండో వానాకాలం గోడలు మళ్ళీ చెమర్చాయి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు అల్యూమినియం రేకు ముక్క ఒకటి గోడకి నాలుగు పక్కలా టేపుతో అంటించాను. రెండ్రోజులాగి చూస్తే రేకుకి గది వైపు తడి, వెనక పొడి. అంటే ఊట కాదు, గాలిలో తేమ. గాలి ఆడాలని మా ఆవిడ పగలంతా కిటికీలు తీసి పెట్టేది. వచ్చిన తడి గాలి చల్లటి గోడకి తగిలి నీరయ్యేది. అప్పటికే గోడకి ఆనించిన బీరువాలో ఆమె పెళ్ళి చీరకి బూజు పట్టింది. దాని గురించి ఇంకా వింటూనే ఉన్నాను. ఇప్పుడు బీరువా జానెడు ఎడంగా ఉంది, వెనక గదిలో కప్పు దాకా గాలి గొట్టం ఉంది, ఉక్కపోత మధ్యాహ్నాల్లో కిటికీలు మూసి ఫ్యాను వేస్తాం.

మే నెలలో బయట 41 ఉన్నప్పుడు లోపల 30. పెదనాన్న ఈ ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ మా ఇంట్లోనే పడుకున్నాడు.

ఇది మూడో వానాకాలం. వాన గట్టిగా పడ్డాక గొడుగేసుకుని పైపు చివరికి వెళ్ళి చూస్తాను. కాసేపటికి సన్నటి ధార మొదలవుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు మా ఆవిడ దాని కింద బకెట్ పెట్టింది. ఇప్పుడు అక్కడ వంగ మొక్కలున్నాయి.