అంకుడు కర్రతో గంగిరెద్దు: జనవరి నుంచి జూలై దాకా

ఈ సంక్రాంతికి విశాఖ మర్రిపాలెంలో మా వీధిలోకి గంగిరెద్దు వచ్చింది. వీపు మీద అతుకుల బొంత, కొమ్ములకి రంగు కుచ్చులు, సన్నాయి మోగగానే తల ఊపిన తీరు. అది సందు మలుపు తిరిగేదాకా బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాను. ఈ ఏడాది దీన్నే చెక్కాలని ఆ పూటే అనుకున్నాను. అప్పటిదాకా నేను చెక్కినవి గరిటెలు, చెంచాలు, ఒక పిచ్చుక. నాలుగు కాళ్ళ జంతువు ఇదే మొదటిది. నోటుపుస్తకంలో రాసుకున్నవే కాస్త సర్ది ఇక్కడ పెడుతున్నాను.

జనవరి 18

కంచరపాలెంలో ఒక వడ్రంగి షాపులో టేకు ముక్క దొరికింది. 6 అంగుళాల పొడవు, 4 ఎత్తు, 3 మందం. మొత్తం ఎద్దుని ఇందులోంచే తీయాలని ఉంది. పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో కాగితం మీద గీసి, కత్తిరించి, చెక్క మీద అంటించి రంపంతో చుట్టూ కోశాను. మూపురం, గంగడోలు బాగానే వచ్చాయి.

జనవరి 26

ముందు కాళ్ళ మధ్య చెక్క తీస్తుంటే కుడికాలు టక్కున విరిగింది. జిగురు పెట్టి అతికించాను. రెండ్రోజులకి వెనక కాలు కూడా అలాగే పోయింది. ఉలి పదునుగానే ఉంది, నేను గట్టిగా కొట్టిందీ లేదు. చెక్కలోనే ఏదో పగులు ఉందేమో అనుకుని ఆ ముక్క పక్కన పెట్టేశాను.

ఫిబ్రవరి 9, ఏటికొప్పాక

వరహా నది ఒడ్డున ఉన్న ఊరు. హైవే మీద యలమంచిలి దాటి అడ్డరోడ్డు దగ్గర లోపలికి తిరగాలి. విశాఖ నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు. 2022లో జిల్లాలు విడగొట్టాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, మా తరానికి ఏటికొప్పాక అంటే విశాఖ జిల్లా ఊరే. ఇక్కడి లక్క బొమ్మలకి 2017లో జీఐ (ఆ ఊరి ప్రత్యేక వస్తువన్న భౌగోళిక) గుర్తింపు వచ్చింది. సహజ రంగుల్ని మళ్ళీ ఈ పనిలోకి తెచ్చిన సీవీ రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

ఒక పెద్దాయన లేతు మీద కూర్చుని ఏనుగు ఒళ్ళు తీస్తున్నారు. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించగానే తెల్లటి పొట్టు రిబ్బన్‌లా ఊడి వస్తోంది. తర్వాత లక్క కడ్డీ ఆనించారు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకి పట్టేసింది. దాని మీద మొగలి ఆకు పెట్టి అదిమితే మెరుపు వచ్చింది. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కాళ్ళు, తల, తొండం విడిగా చేసి పక్కన బుట్టలో వేసి ఉన్నాయి.

విరిగిన ఎద్దుని సంచిలోంచి తీసి చూపించాను. ఆయన దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పారు.

"ఒళ్ళు పడుకున్న నారలో ఉంది బాబూ, కాలూ అందులోంచే తీసీసేవు. చెట్టు నిలబడ్డట్టే కాలూ నిలబడాల కదా!"

అప్పుడు అర్థమైంది. ఎద్దు ఒళ్ళు అడ్డంగా ఉంటుంది కాబట్టి నేను నారని, అంటే చెక్కలో పోగులు సాగే దిక్కుని, వీపు వెంబడి పెట్టుకున్నాను. దాంతో కాళ్ళలో నార అడ్డంగా పడి, ఒక్కో కాలూ పేర్చిన అట్టల దొంతరలా తయారైంది. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసేవాళ్ళు కూడా చేతులు, కాళ్ళు విడిగా చెక్కి అతికిస్తారు. పని తేలికవడానికి అలా చేస్తారనుకునేవాణ్ణి. కానీ విడిగా చేస్తే ఏ భాగానికి నార ఎటు ఉండాలో అటు పెట్టుకోవచ్చు. కొమ్ముకి ఒక దిక్కు, చెవికి ఒక దిక్కు. తరాలుగా ఈ పని చేస్తున్నవాళ్ళకి తెలిసిన సంగతి నాకు రెండు కాళ్ళు విరిగాక తెలిసింది. ఒకే ముక్కలోంచి మొత్తం జంతువుని తీయాలన్న పట్టు ఆ రోజే వదిలేశాను.

వచ్చేటప్పుడు మూడంగుళాల లావున్న పచ్చి అంకుడు ముక్కలు మూడు కొనుక్కున్నాను. కోసిన చోట ఇంకా పాలు అంటుకుంటున్నాయి.

ఫిబ్రవరి 10 – ఏప్రిల్ 20, ఆరబెట్టడం

ఈ పనిలో ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే. నేను ఎక్కువ నేర్చుకున్నదీ ఇక్కడే.

ఒక ముక్కని గుండ్రంగా అలాగే ఉంచాను. మిగతా రెండింటినీ నిలువునా చీల్చి, నడిమి మెత్తటి భాగం తీసేశాను. అన్నిటికీ రెండు చివర్లా కొవ్వొత్తి మైనం కరిగించి పూశాను. తేమ చివర్ల నుంచే తొందరగా పోతుంది, అందుకే పగుళ్ళు కూడా అక్కడే మొదలవుతాయి. ఎండ తగలకుండా మంచం కింద, అడుగున పుల్లలు పెట్టి గాలి ఆడేలా ఉంచాను.

గుండ్రటి ముక్క పన్నెండో రోజుకే బెరడు నుంచి నడిమి దాకా పగిలింది. చెక్క ఆరేటప్పుడు చుట్టుకొలత వైపు ఎక్కువ, నడిమి వైపు తక్కువ కుంచించుకుపోతుంది. గుండ్రంగా ఉంటే ఆ లాగుడుకి దారి ఉండదు, పగలాల్సిందే. చీల్చిన ముక్కలు కాస్త వంగాయి, అంతే.

ఆరిందో లేదో వంటింటి తూకం చెబుతుంది. ఒక ముక్క లెక్క ఇది: మొదటి రోజు 318 గ్రాములు, వారానికి 281, రెండు వారాలకి 262, ఐదు వారాలకి 236, ఎనిమిది వారాలకి 229. తర్వాత రెండు వారాలు చూసినా 229 దగ్గరే ఉంది. అక్కడితో ఆగాను. విశాఖలో సముద్రపు గాలి తేమ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఇక్కడ చెక్క పూర్తిగా ఎండదు. బరువు తగ్గడం ఆగిందా లేదా అన్నదే చూసుకోవాలి.

ఏప్రిల్ 27 – మే 25, చెక్కడం

అంకుడు చెక్కుతుంటే చేతికి హాయిగా ఉంటుంది. తెలుపు, సన్నటి నార, ఏ వైపు కోసినా నునుపుగా వస్తుంది. కాకపోతే పదును తగ్గిన ఉలి పెడితే నలిగిపోతుంది. అరగంటకోసారి సానరాయి మీద నాలుగు రుద్దులు, ఆ తర్వాత పాత తోలు బెల్టు మీద పది రుద్దులు. వాడింది మూడే పనిముట్లు: 12 మిల్లీమీటర్ల చదును ఉలి, 6 మిల్లీమీటర్ల వంపు ఉలి, ఒక చిన్న చాకు. అపార్ట్‌మెంట్ కాబట్టి సుత్తి వాడను, చేత్తోనే తోస్తాను. ముక్కని బల్లకి క్లాంపుతో బిగించి, రెండు చేతులూ ఉలి వెనకే ఉంచాలి.

ఒళ్ళు, మూపురం ఒకే ముక్క. తల, మెడ ఇంకోటి. కాళ్ళు నాలుగూ నిలువు నారతో విడివిడిగా. ఒళ్ళు అడుగున 8 మిల్లీమీటర్ల కన్నాలు వేసి, కాళ్ళ పైభాగాన్ని గుండ్రటి చీలలా చెక్కి దిగేశాను. కొమ్ములు సన్నం కాబట్టి వెదురుతో చేశాను. తల కాస్త పక్కకి ఒంచి అతికించగానే, ఎద్దు సన్నాయి వింటున్నట్టే అనిపించింది. ఆ సాయంత్రం ఇంకేం చెయ్యకుండా దాన్ని చూస్తూ కూర్చున్నాను.

అతుకులకి కొండపల్లి పద్ధతిలో చింతగింజల మక్కు చేశాను. గింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. నీళ్ళు పోసి సన్నటి సెగ మీద జిగురయ్యేదాకా ఉడికించాక, జల్లించిన రంపపు పొట్టు కలపాలి. అతుకుల సందులు నింపడానికీ, కనుబొమల ఉబ్బు తీర్చడానికీ బాగా పనికొచ్చింది. ఆ రోజుకి సరిపడా చేసుకోండి, మూడో రోజుకి నా మక్కుకి బూజు పట్టింది. ఆరడానికి కనీసం ఒక రోజు వదిలి, తర్వాత ఉప్పు కాగితంతో రుద్దాలి.

జూన్ 15 – జూలై 6, లక్క

చేత్తో చెక్కిన ఎద్దు లేతు మీద తిరగదు కాబట్టి లక్క కడ్డీ పద్ధతి కుదరదు. పూర్ణా మార్కెట్‌లో లక్క పలుకులు కొని, 50 గ్రాములు 250 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టాను. స్పిరిట్ పొయ్యి దగ్గర పెట్టకూడదు, కిటికీలు తీసి ఉంచాలి. ఒళ్ళు చెక్క తెలుపులోనే వదిలేశాను. బొంతకి జాఫ్రా గింజల నారింజ, అంచుకి పసుపు, గిట్టలకి దీపపు మసి. పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది కాబట్టి బొమ్మని కిటికీ దగ్గర పెట్టను.

మొదటి పూత వేసిన రోజు వాన. పొద్దున్న చూస్తే వీపంతా తెల్లగా పొగమంచు కమ్మినట్టు ఉంది. కంగారు పడ్డాను గానీ, కారణం గాలిలోని తేమేనట. వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం గుడ్డకి కాస్త స్పిరిట్ తడి చేసి పైపైన తుడిస్తే ఆ తెలుపు పోయింది. అప్పటినుంచి వాన లేని మధ్యాహ్నాలే చూసుకుని, పూతకీ పూతకీ మధ్య నాలుగు గంటలు వదిలి, ఐదు పల్చటి పూతలు వేశాను.

వానాకాలం తేమకి వెనక ఎడమ కాలు చీల ఉబ్బి ఒళ్ళు అడుగున వెంట్రుక మందాన పగులు తెచ్చింది. మక్కుతో నింపాను. ఈసారి చీలల్ని కన్నం కంటే కాస్త వదులుగా చెయ్యాలి.

ఇప్పుడు ఎద్దు నాలుగు కాళ్ళ మీద నిలబడింది. ఎడమ చెవి ఇంకా పెట్టలేదు, నార సరిగ్గా కుదిరిన ముక్క కోసం చూస్తున్నాను. మెడలో కట్టడానికి చిన్న ఇత్తడి మువ్వ మాత్రం కొని ఉంచాను.