రెక్కలు లేని లుంగ్

సింగపూర్‌లో మా ఎదురింట్లో ఒక చైనీస్ పెద్దావిడ ఉంటారు. మా అబ్బాయి ఆమెను ‘పోపో’ అంటాడు; చైనీయుల పిల్లలు అమ్మమ్మను పిలిచే పిలుపు అది. 2024 ఫిబ్రవరి 10న డ్రాగన్ సంవత్సరం మొదలవుతుందనగా, వాడు ఆమెకు కానుకగా ఒక బొమ్మ గీశాడు. గబ్బిలం రెక్కల డ్రాగన్ మంటలు కక్కుతోంది, ఎదుట ఒక వీరుడు కత్తి దూసి నిలబడ్డాడు. ఆ ఊహ నేను కొనిచ్చిన ఇంగ్లీషు కథల పుస్తకాలలోనిదే.

పోపో బొమ్మను చాలాసేపు చూసి, “దీన్ని చంపేస్తే వాన ఎవరు కురిపిస్తారు?” అని మెల్లగా అడిగారు. తరువాత మరో కాగితం తీసుకుని జింక కొమ్ములు, పాము మెడ, చేప పొలుసులు, గద్ద గోళ్లు ఒక్కొక్కటిగా గీశారు. రెక్కలకు బదులు పొట్ట కింద మబ్బులు వేశారు. చైనీయులు తమ డ్రాగన్‌ను లుంగ్ అంటారు; అది నీటికి అధిపతి. నాలుగు సముద్రాలకు నలుగురు లుంగ్ రాజులున్నారని, కరువు వస్తే వారినే వేడుకునేవారని ఆమె చెప్పారు. కాలికి నాలుగే గోళ్లు ఎందుకని వాడు అడిగితే, ఐదు గోళ్ల లుంగ్ చక్రవర్తి చిహ్నమని, ఇతరులు దానిని ధరించరాదని పూర్వం కట్టడి ఉండేదని వివరించారు. పసుపు నదిలో ఎదురీది లుంగ్ ద్వారాన్ని దూకిన చేప తానే లుంగ్‌గా మారిపోతుందన్న కథ వాడికి అన్నింటికన్నా నచ్చింది. ‘కొడుకు లుంగ్ కావాలి’ అని చైనీయులు కోరుకుంటారని విన్నప్పుడు, ఆ కోరిక ఏ తల్లికైనా తెలిసినదే కదా అనిపించింది.

ఆ రాత్రి వాడికి నాకు తెలిసిన మరో సంగతి చెప్పాను. బౌద్ధ గ్రంథాలను అనువదించిన చైనా పండితులు సంస్కృతంలోని ‘నాగ’ శబ్దానికి లుంగ్ అనే మాటనే వాడారు. మన నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడిని వారు ‘లుంగ్‌షు’ అన్నారు. షు అంటే చెట్టు, అర్జునమంటే మద్దిచెట్టు. బౌద్ధ గ్రంథాల అనువాదకుడు కుమారజీవుడి పేరుతో చైనా భాషలో నిలిచిన నాగార్జునుడి చరిత్రలో, ఒక మహానాగుడు నాగార్జునుడిని సముద్రంలోని తన భవనానికి తీసుకుపోయి గ్రంథాలు చూపిస్తాడు.

మర్నాడు వాడు పరుగున వెళ్లి ఆ పేరు రాసిమ్మని పోపోను అడిగాడు. ఆమె రెండు అక్షరాలు రాసిచ్చారు. అందులో మొదటిది, ఆమె తలుపు మీది ఎర్ర కాగితంపై ఉన్న అక్షరమేనని వాడే గుర్తుపట్టాడు.