సీతానగరం ఘాట్‌లో నత్తల వేట

మా మేనకోడలు జువాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. నీళ్లలోని లోహాలు నత్తల ఒంట్లో ఎంత చేరాయో కొలవడానికి కృష్ణ ఒడ్డున నత్తలు ఏరాలి, తోడు రమ్మంది. రిటైరైన వాడికి అంతకంటే మంచి పిలుపేముంటుంది! పొద్దున్నే గుంటూరులో ప్యాసింజరెక్కి కృష్ణా కెనాల్ జంక్షన్‌లో దిగి, ఆటోలో సీతానగరం ఘాట్‌కి చేరాం. ఎదురుగా ప్రకాశం బ్యారేజీ, అవతలి ఒడ్డున ఇంద్రకీలాద్రి.

రాళ్ల దగ్గర ఒకావిడ గిన్నెలోకి నత్తలు ఏరుతోంది. మాకూ కొన్ని ఇమ్మంటే, "కూరకేనా అయ్యా? రెండు పూటలు మంచినీళ్లలో పడెయ్యండి, చెత్తంతా కక్కేస్తాయి" అంది. మా అమ్మ కూడా అదే చెప్పేది. నేను తలూపాను. మా పిల్ల నవ్వి ఊరుకుంది.

మెట్ల మీద ఇడ్లీ పొట్లం విప్పాక ఎందుకు నవ్వావని అడిగాను.

"బురద కక్కుతాయి మావయ్యా, అది పేగుల్లో ఉంటుంది కాబట్టి. ఒంట్లోకి ఇంకిపోయిన లోహం అలా పోదు."

రాగి సంగతి వేరట. నత్త రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగి ఉన్న పదార్థమే, అందుకే ఆ రక్తం నీలంగా ఉంటుంది. అవసరమైన లోహం కాబట్టి కాస్త ఎక్కువైనా సర్దుకునే దారులు ఒంట్లో ఉన్నాయి. అలాగని మోతాదు మించితే ఊరుకోదు, నత్తల్ని చంపడానికి వాడేదీ రాగి ఉన్న మైలుతుత్తమే కదా. కాడ్మియం అనే విష లోహంతో మాత్రం వాటికి పనే లేదు. దాన్ని మెటలోథయోనీన్ అనే ప్రొటీన్ పట్టుకుని కట్టేస్తుంది. హాని తగ్గుతుంది కానీ సరుకు లోపలే ఉంటుంది. ఆ ప్రొటీన్ మొదట గుర్రం మూత్రపిండంలో దొరికిందట, 1957లో. ఈ బ్యారేజీ కూడా 1957దే అని నాకు తెలిసిన ముక్క నేనూ అందించాను. మా పిల్ల పెద్దగా పట్టించుకోలేదు.

వాళ్ల ల్యాబ్‌లో పని ఎక్కువగా ఆల్చిప్పలతో. నీళ్లలో లోహం కలిపితే అవి చిప్పలు బిగించేసుకుంటాయి. మంచినీళ్లలోకి మారిస్తే కొన్నాళ్లకి మళ్లీ తెరుచుకుని నీళ్లు వడగట్టడం మొదలెడతాయి, దెబ్బతిన్న మొప్పలు మెల్లగా బాగుపడతాయి. చూస్తే నిక్షేపంగా ఉంటాయి. కోసి కొలిస్తే మాత్రం వారాల తర్వాత కూడా కాడ్మియం కనిపిస్తుంది. "బాగుపడింది అన్నా, లోహం పోయింది అన్నా ఒకటే అనుకుని రాస్తే మా గైడ్ థీసిస్ తిప్పి పంపేస్తారు" అంది. రొయ్యలకి ఇంకో వెసులుబాటు ఉంది, పెంకు విడిచినప్పుడు కొంత లోహం దాంతో పాటే పోతుంది.

తర్వాత బ్యారేజీ మీదుగా నడిచాం. డెబ్బై గేట్లు, 1,223 మీటర్లు. సగం దాకా లెక్కపెట్టాను, తర్వాత మోకాళ్లు నా లెక్కని మరిపించాయి. బెజవాడ వైపు దిగాక ఒక కాలువ గట్టున మా పిల్ల చేతి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఇంకో పది నత్తలు పట్టింది. రెండు డబ్బాలు, రెండు చీటీలు. కలిస్తే పని పాడవుతుందని డబ్బాలు నా ఒళ్లో పెట్టి, టెన్షన్ కూడా నాకే ఇచ్చింది.

గుంటూరు బస్సులో కండక్టర్ డబ్బాలోకి తొంగి చూశాడు. "నత్తలా? కూరకేనా అండీ?"

"కొలిచాక చెప్తానండీ" అని టికెట్ డబ్బులిచ్చింది మా పిల్ల.