కాన్సర్టినాల మధ్య ఒక మంగళవారం

ఆగస్టు, మంగళవారం రాత్రి

ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న సిడ్మత్‌కి రైలు లేదు. ఒకప్పుడు ఉన్న లైను 1967లోనే మూసేశారు. కాబట్టి ఊళ్లో జానపద పండగ జరిగే వారంలో బస్సే గతి. పొద్దున నేనెక్కిన బస్సులో సగం మంది ఒళ్లో ఏదో ఒక పెట్టె ఉంది. ఫిడేలుది పొడుగ్గా, బటన్ల అకార్డియన్ లాంటి మెలోడియన్‌ది సూట్‌కేసంత, నాది ఆరు పలకల బుల్లి పెట్టె. అందులో ఉన్నది కాన్సర్టినా, రెండు చేతులతో తిత్తిని నెడుతూ లాగుతూ బటన్లు నొక్కి వాయించే వాయిద్యం. పక్క సీట్లో పెద్దాయన ఇంట్లోనే కాళ్లకి గజ్జెలు కట్టేసుకుని వచ్చాడు. బస్సు కుదిపినప్పుడల్లా ఆయన మోగుతూనే ఉన్నాడు, ఎవరూ తల తిప్పి చూడలేదు.

సిడ్మత్ పండగ 1955లో మొదలైంది. ఇంగ్లిష్ ఫోక్ డాన్స్ అండ్ సాంగ్ సొసైటీ వాళ్లు జానపద నృత్యం కోసమే పెట్టారు. పాటలు, కచేరీలు తర్వాత పెరిగాయి కానీ ఊళ్లోకి దిగగానే కంటబడేది ఇప్పటికీ ఆటే. సముద్రం ఒడ్డున ఎస్ప్లనేడ్ పొడుగునా మోరిస్ అనే ఇంగ్లిష్ జానపద నృత్యం ఆడే జట్లు. కర్రలు కొట్టుకుంటూ ఆడే ఆట మొదటిసారి చూసినప్పుడు మన కోలాటమే గుర్తొచ్చింది. కాసేపు నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది. కోలాటంలో గుండ్రంగా తిరగడం ఎక్కువ. ఇక్కడ ఆరుగురు రెండు వరసల్లో నిలబడి గాల్లోకి ఎగరడం ఎక్కువ. నడివయసు దాటిన మగవాళ్లు, బొజ్జలతో సహా, అంతెత్తు ఎగురుతారు. మోకాళ్ల సంగతి వాళ్లే చూసుకోవాలి.

పదకొండింటికి ఒక పబ్ వెనక తోటలో కాన్సర్టినా వాయించేవాళ్లంతా కలుద్దామని నాలుగు రోజులుగా నోటిమాటగా తిరుగుతోంది. మామూలుగా మేం ఒంటరి పక్షులం. ఏ సెషన్‌కి, అంటే నలుగురూ కలిసి వాయించే కూటానికి, వెళ్లినా ఫిడేళ్లు గుంపుగా ఉంటాయి, మెలోడియన్లు రెండు మూడు ఉంటాయి, కాన్సర్టినా మాత్రం ఒక్కటి, అదీ మూల కుర్చీలో. అలాంటిది ఇవాళ బల్ల చుట్టూ పదిమందికి పైనే చేరారు. చేరి ఏం చేశారు? మొదటి అరగంట ఒక్క స్వరం పలకలేదు. అందరూ ఒకళ్ల పెట్టె ఒకళ్లు తీసి చూసుకోవడమే. ఎవరి తయారీ, నీది జెఫ్రీసా, లాకెనాలా? లోపల సీరియల్ నంబరెంత? తిత్తి ఎవరు మార్చారు? ఎంతకి కొన్నావు? మంచి పాత జెఫ్రీస్ ఇప్పుడు కొన్ని వేల పౌండ్లు పలుకుతోంది. ఆ మాట రాగానే దాని యజమాని కాఫీ కప్పుని రెండు జానలు అవతలికి జరిపాడు.

బల్ల మీద మూడు జాతులున్నాయి. ఇంగ్లిష్, ఆంగ్లో, డ్యూయెట్. బయటినుంచి చూస్తే మూడూ ఒకటే, బటన్ల లెక్క మాత్రం దేనిదానిదే. ఇంగ్లిష్ కాన్సర్టినాలో బటన్ నొక్కితే తిత్తి నెట్టినా లాగినా అదే స్వరం. స్వరాలేమో ఒకటి ఎడమ చేతికి, తర్వాతది కుడి చేతికి పంచి ఉంటాయి. దీని కర్త చార్లెస్ వీట్‌స్టన్. అవును, ఇంటర్ ఫిజిక్స్‌లో మన ప్రాణాలు తీసిన వీట్‌స్టన్ బ్రిడ్జ్ ఆయన పేరు మీదుగా వచ్చిందే. 1829లో ఆయన తీసుకున్న పేటెంటులో దీని మొలక ఉంది, 1844 పేటెంటుకి రూపం కుదిరింది. తమాషా ఏంటంటే ఆ బ్రిడ్జ్‌ని ముందు కనిపెట్టింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ, వీట్‌స్టన్ దాన్ని వాడుకలోకి తెచ్చాడంతే. ఇంగ్లిష్ కాన్సర్టినా మాత్రం అచ్చంగా ఆయనదే. ఇంటర్‌లో ఆ పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే నాకు ఆ చాప్టర్ మీద కాస్త ప్రేమ పుట్టేదేమో.

నాది ఆంగ్లో. దీని మూలం జర్మనీలో ఉంది. కెమ్నిట్స్‌లో ఊలిగ్ అనే ఆయన 1834లో చేసిన వాయిద్యం. ఇందులో ఒకే బటన్ నెడితే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం, మౌతార్గాన్‌లో ఊదడం పీల్చడం లాగా. నేర్చుకునేటప్పుడు పిచ్చెక్కుతుంది. మూడో జాతి డ్యూయెట్‌లో మంద్రం ఎడమ చేతికి, తారం కుడి చేతికి. ఇవాళ డ్యూయెట్ వాళ్లు ఇద్దరే వచ్చారు. ఆ ఇద్దరి బటన్ల అమరికా ఒకటి కాదు కాబట్టి ఒకరి వాయిద్యం ఇంకొకరు వాయించలేరు.

చివరికి వాయించడం మొదలైంది. జి శ్రుతిలో ఒక మోరిస్ ట్యూను, అందరికీ వచ్చిందే. మూడుసార్లు తిప్పి, కళ్లతో సైగ చేసుకుని ఇంకో ట్యూనులోకి. ఇక్కడే నాకు ఇవాళ కొత్తగా తెలిసిన సంగతి ఉంది. స్వరాలు అవే అయినా ఎవరి చేతిలో ఏ జాతి ఉందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఇంగ్లిష్ వాళ్లది నూనె రాసినట్టు సాగిపోతుంది, ఎక్కడా తెగదు. ఆంగ్లో వాళ్లకి ప్రతి రెండు మూడు స్వరాలకీ తిత్తి దిశ మారాలి. మారిన ప్రతిచోటా స్వరంలో ఒక చిన్న తెంపు, దాని వెంటే ఒక ఊపు. నేర్చుకునేటప్పుడు అవస్థ అనిపించేది సరిగ్గా ఆ తెంపే. ఎగరాల్సిన పాదానికి కావాల్సింది కూడా అదే.

మోరిస్‌కీ ఆంగ్లోకీ ముడి వేసిన మనిషి విలియం కింబర్. ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్ క్వారీ అనే ఊళ్లో తాపీ మేస్త్రీ. మోరిస్ మామూలుగా వేసవి మొదట్లో ఆడేది. 1899 చలికాలంలో నేల గడ్డకట్టి పని దొరక్క, నాలుగు డబ్బులొస్తాయని అతని జట్టు క్రిస్మస్ మర్నాడు వీధుల్లోకి దిగింది. ఒక ఇంటి ముందు వాళ్లు ఆడుతుంటే అత్తగారింటికి వచ్చిన సంగీతం మేస్టారొకాయన కిటికీలోంచి చూశాడు. ఆయనే సిసిల్ షార్ప్. మర్నాడు కింబర్‌ని పిలిపించి ఐదు ట్యూన్లు రాసుకున్నాడు. తర్వాత ఇంగ్లండ్ జానపద నృత్యాలకి వచ్చిన ఊపంతా ఆ కిటికీ దగ్గర మొదలైందని చెబుతారు. పుస్తకాల్లో షార్ప్ పేరే పెద్దది. మా బల్ల దగ్గర మాత్రం కింబర్ పేరే.

పన్నెండు దాటాక ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. చేతిలో తాతగారి నాటి ఇంగ్లిష్ కాన్సర్టినా. వాయించమంటే తల అడ్డంగా ఊపాడు. దానిది పాత శ్రుతి. ఇవాళ అందరూ ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి పెట్టుకుంటారు. ఆ కాలంలో లండన్‌లో తయారైనవాటిలో చాలావాటిని 452కి పెట్టేవాళ్లు. అంటే మా అందరికంటే దాదాపు పావు స్వరం పైన. రీడ్లని, అంటే గాలికి కదిలి మోగే లోపలి లోహపు రేకుల్ని, కాస్త గీకి శ్రుతి దింపొచ్చు, చాలామంది దింపించుకుంటారు కూడా. ఈయన ఒప్పుకోలేదట. మేం ఆపేసి, మీరొక్కరే వాయించండి అన్నాం. ఏదో నెమ్మది పాట వాయించాడు. శ్రుతి దింపించుకోకపోవడం మంచిదా కాదా అని తర్వాత పెద్ద వాదన నడిచింది. పదిమందితో కలవని వాయిద్యం ఎందుకని ఒకరు, ఒకసారి గీకిన రీడుకి ఆ లోహం తిరిగి అతకదని ఇంకొకరు. నేను రెండో వైపే. కానీ అది నా వాయిద్యం అయ్యుంటే నిన్ననే గీకించేసేవాణ్ణి, జనంలో కూర్చోకుండా ఉండలేను.

ఈ శ్రుతి గొడవ వింటుంటే హార్మోనియం గుర్తొచ్చింది. అదీ ఇదీ గాలికి కదిలే రీడ్ల కుటుంబమే. కాళ్లతో తొక్కే ఐరోపా పెట్టెని 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేత్తో ఊదే పెట్టెగా మార్చాడు. అది లేకుండా మన పద్యనాటకం లేదు. చిన్నప్పుడు మా ఊళ్లో నాటకం అంటే నాకు కృష్ణుడి కంటే స్టేజి ముందు కూర్చున్న హార్మోనిస్టే హీరో. కృష్ణుడు రాగం తీసినంతసేపూ వెంట వెళ్లి, జనం వన్స్‌మోర్ అనగానే విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టేవాడు. అలాంటి పెట్టెని గమకాలు పలకవని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా బయటే ఉంచింది. నా పక్కనున్నావిడకి ఇది చెబితే, రేడియో వాళ్లు ఏ దేశంలోనైనా అంతేనంది.

మధ్యాహ్నం రెండింటికి కొందరం ఎస్ప్లనేడ్ మీదికి వెళ్లాం. ఒక జట్టుకి వాయించేవాళ్లు తక్కువయ్యారు, సాయం రమ్మన్నారు. తోటలో వాయించిన వేగంతోనే ఎత్తుకున్నాం. నాలుగు బార్లు, అంటే నాలుగు ఆవర్తనాలు, కాకముందే జట్టు నాయకురాలు చెయ్యి ఎత్తి ఆపేసింది. మీ వేళ్లు వెళ్లినంత వేగంగా మా వాళ్లు కిందికి దిగలేరు, పైకి లేచిన మనిషి నేల మీదికి రావడానికి టైము పడుతుంది, మా మడమలు చూసి వాయించండి అంది. రెండోసారి నా చూపు బటన్ల మీంచి తీసి ముందు వరసలో కుర్రాడి బూట్ల మీద పెట్టాను. అతను లేచినప్పుడు తిత్తి లాగి కాస్త పట్టి ఉంచి, దిగేటప్పుడు నెట్టాను. పొద్దున్నించీ వాయించిన ట్యూనే, అప్పుడు గానీ దాని నడక అర్థం కాలేదు. సెషన్లలో మేమంతా ట్యూన్లని పరిగెత్తించి చెడగొడుతున్నామని నా అనుమానం. రేపు ఈ మాట అక్కడంటే ఎవరూ ఒప్పుకోరు.

ఆ జట్టు నాయకురాలు ఇంకో ట్యూను ఫోన్లో రికార్డు చేసి ఇచ్చింది, శుక్రవారానికి నేర్చుకు రమ్మని. ఇంటికొచ్చి రెండుసార్లు విన్నాను. రెండో భాగంలో వరసగా ఎఫ్ షార్ప్‌లు, నా వాయిద్యంలో అది లాగేటప్పుడే పలుకుతుంది. ఆ నాలుగు బార్లూ అయ్యేసరికి తిత్తి పూర్తిగా తెరుచుకుపోయి గాలి చాలడం లేదు. ముందు భాగంలోనే ఎక్కడో బొటనవేలితో గాలి మీట నొక్కి తిత్తిని మూసి ఉంచుకోవాలి. ఎక్కడో రేపు చూడాలి. పక్కింటివాళ్లు శనివారం దాకా ఊళ్లో లేరు.