మా మరిది కనిపించని రోజుల్లో

2025 జూలై మొదట్లో, కర్నూలులో ఉండే మా మరిది పొద్దున దుకాణానికని బయలుదేరి రాత్రయినా ఇంటికి రాలేదు. ఎరువుల దుకాణంలో లెక్కలు రాసే మనిషి. అరగంట ఆలస్యమైనా ఫోను చేసి చెబుతాడు. ఆ రోజు మాత్రం ఫోను స్విచాఫ్. మనిషి తప్పిపోతే 24 గంటలు ఆగాకే ఫిర్యాదు తీసుకుంటారని పక్కింటాయన అన్నారు. చాలామంది అలాగే నమ్ముతారు గానీ అలాంటి నిబంధన ఏదీ లేదు. ఆ రాత్రే స్టేషన్‌కు వెళ్లాం.

ఫిర్యాదు నేను రాశాను, వివరాలు అతని భార్య, మా తోటికోడలు చెప్పింది. స్టేషన్ రైటర్ అడిగేవి వింటే అంతటి కంగారులోనూ ఆశ్చర్యం వేస్తుంది. చొక్కా రంగు చెబితే చాలదు, చారలా గళ్లా అని అడుగుతారు. చెప్పులు ఎలాంటివి, జేబులో ఏముంటుంది, ఏ చేతికి గడియారం పెట్టుకుంటాడు, ఎడమచేతి వాటమా? తోటికోడలు తడుముకోకుండా చెప్పింది. నీలం పట్టీల చెప్పులు, కుడికాలి దానికి అట్ట ఊడితే జిగురు పెట్టి అంటించారు. కనుబొమ్మ మీద చిన్నప్పుడు పడిన గాటు, వెంట్రుక మొలవదు. 'మ్యాన్ మిస్సింగ్' కింద ఎఫ్‌ఐఆర్ కట్టి ఒక ప్రతి మాకిచ్చారు. ఆ ప్రతి ఉచితంగా ఇవ్వాలన్నది చట్టంలోనే ఉంది, అడిగి తీసుకోవాలి.

వీధిలో ఆ పిల్లకు ఎసరు పెట్టింది ఆ తడుముకోకపోవడమే. స్టేషన్‌కు మాతోపాటు వచ్చినవాళ్లలో ఎవరో బయటికెళ్లి, "మొగుడు కనిపించకపోతే ఎవరైనా అంత స్థిమితంగా చెప్పులకు పెట్టిన జిగురు సంగతి చెబుతారా?" అన్నారట. తెల్లారేసరికి వీధి మొత్తం ఆ మాట పాకింది.

ఆ నెల అలాంటిది. అంతకుముందు మే నెలలో ఇండోర్ నుంచి మేఘాలయకు హనీమూన్‌కు వెళ్లిన జంట కనిపించకుండా పోయింది. జూన్ 2న భర్త శవం లోయలో దొరికింది. మొదట జనం వేలు చూపింది అక్కడి స్థానికుల వైపు. భార్యను బంగ్లాదేశ్‌కు ఎత్తుకుపోయారని కూడా చెప్పుకున్నారు. వారం తిరిగేసరికి ఆమె ఉత్తరప్రదేశ్‌లో కనిపించి అరెస్టయింది. అన్నన్ని మాటలన్నవాళ్లు నాలుక కరుచుకుంటారేమో అనుకుంటాం. అదేమీ లేదు, వేలు ఇటు తిప్పారంతే. అదే జూన్‌లో మా పక్కనే గద్వాలలో ప్రైవేటు సర్వేయర్ హత్య కేసు వచ్చింది. అందులోనూ భార్యనే అరెస్టు చేశారు. ఆ రెండు కేసుల్లో ఏది నిజమో తేల్చాల్సింది కోర్టు. మా వీధికి మాత్రం మూడో కేసు కావలసి వచ్చింది, మా తోటికోడలు దొరికింది.

పోలీసుల పని వేరే దారిలో సాగింది. ఆఖరి సిగ్నల్ కొత్త బస్టాండు దగ్గర ఆగిపోయిందని మర్నాటికే తేల్చారు. కాల్ డేటా తెప్పించారు. బస్టాండు కెమెరాలు చూశారు, ముసురు వాన, గొడుగుల మధ్య మొహాలు తెలియలేదు. కేసీ కాలువ వెంబడి మనుషులను పంపారు. రైల్వే పోలీసుల దగ్గర గుర్తుతెలియని మృతదేహాల ఫొటోలు చూడటానికి మావారు వెళ్లారు. తిరిగొచ్చి ఏమీ చెప్పలేదు, "మనవాడు కాడు" అన్న మాట తప్ప.

ఎస్సై చెప్పిన ఒక జాగ్రత్త ఎవరికైనా పనికొస్తుంది. పోస్టరులో అన్నీ వేయకండి, ఒక గుర్తు మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు. మేం కనుబొమ్మ గాటు దాచాం, ఫొటోలో అది కనపడదు కూడా. పోస్టరు బయటికి వెళ్లిన సాయంత్రం నుంచే ఫోన్లు. "మీవాడు మా దగ్గరున్నాడు, దెబ్బలు తగిలాయి, ఆసుపత్రి ఖర్చుకు డబ్బు పంపండి" అని ఒకడు. మొహం మీద ఏమైనా మచ్చ ఉందా అని అడిగితే గడ్డం మీద పెద్ద పుట్టుమచ్చ అన్నాడు. ఇంకొకడు వీడియో కాల్ అనగానే పెట్టేశాడు. అంజనం వేసి చూస్తామన్నవాళ్లకూ లోటు లేదు. మా అత్తయ్య వాళ్లలో ఒకరికి రహస్యంగా డబ్బు పంపిందని నాకు అనుమానం, అడగలేదు.

ఇంట్లోవాళ్లందరి ఫోన్లూ పోలీసులు చూశారు. అది పద్ధతి, నాదీ చూశారు, మావారిదీ చూశారు. ఎలా పొక్కిందో గానీ "భార్య ఫోను స్వాధీనం... బయటపడ్డ సంచలన నిజాలు" అంటూ యూట్యూబులో వీడియో వచ్చింది. వాళ్ల పెళ్లి ఫొటోలో మా మరిది మొహం చుట్టూ ఎర్ర సున్నా, ఆమె మొహం మీద ప్రశ్నార్థకం. లోపల పది నిమిషాలపాటు మాట్లాడినాయన చెప్పిన విషయం ఒక్కటీ లేదు, అన్నీ "అంటున్నారు", "తెలుస్తోంది". ఆమె పాఠాలు చెప్పే బడివాళ్లు కొన్నాళ్లు రావద్దన్నారు. "అక్కా, నేను ఏడ్చి ఉంటే నమ్మేవాళ్లా?" అని అడిగింది ఒక రాత్రి. ఏడ్చి ఉంటే నటన అనేవాళ్లు. ఆ మాట పైకి అనలేదు.

మావారి స్నేహితుడైన వకీలు మాకు పాత కేసొకటి గుర్తుచేశారు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర హాస్టల్‌లో విద్యార్థిని హత్య. అరెస్టయిన కుర్రవాడికి 2010లో శిక్ష పడింది, 2017లో హైకోర్టు నిర్దోషి అంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిపాడు. "కోర్టులకే అంత కాలం పట్టింది, మీ వీధికి ఒక్క పూట చాలింది" అన్నారాయన.

మాకు జరిగిన అసలు నష్టం పరువు ఒక్కటే కాదు. మా మరిదితో కలిసి పనిచేసే కుర్రవాడికి మొదటి రోజు నుంచే అంతా తెలుసు. చిట్టీ నడిపే ఒకాయనకు మా మరిది హామీ ఉన్నాడు. ఆయన ఐపీ (దివాలా పిటిషన్) పెట్టి ఊరు వదిలాడు. చిట్టీ కట్టినవాళ్లు మా మరిది మీద పడ్డారు. ఇంట్లో చెప్పలేక, అరుణాచలం (తిరువణ్ణామలై) వెళ్లి కొన్నాళ్లుంటానని ఈ కుర్రవాడితో అన్నాడు. దుకాణంలో పోలీసులు అడిగినప్పుడు ఇతను నాకేమీ తెలియదన్నాడు. ఎందుకని తర్వాత నేను అడిగితే, "కట్టుకున్న భార్యనే అలా అంటున్నారు. ఆఖరున మాట్లాడింది నేనని తెలిస్తే నన్ను వదులుతారా మేడమ్?" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు రాలేదు. చివరికి అతని తల్లి మధ్యాహ్నం వేళ, వీధి సద్దుమణిగాక మా ఇంటికొచ్చి చెప్పింది. అప్పటికి రెండు వారాలు దాటింది. మొదటి రోజే తెలిసి ఉంటే కాలువ గట్లు వెతకడం, శవాల ఫొటోలు చూడటం ఏవీ ఉండేవి కావు.

ఎస్సై తిరువణ్ణామలై పోలీసులతో మాట్లాడారు. మావారు, ఒక కానిస్టేబులు కలిసి బయలుదేరారు. గిరివలం (కొండ చుట్టూ ప్రదక్షిణ) దారిలో అన్నదానం చేసే సత్రంలో గుమ్మడికాయ ముక్కలు కోస్తూ కనిపించాడు. గడ్డం పెరిగింది, కాళ్లకు అవే నీలం పట్టీల చెప్పులు.

తీసుకొచ్చాక స్టేషన్‌లో వాంగ్మూలం తీసుకున్నారు. ఎవరి బలవంతమూ లేదు, నా ఇష్టంతోనే వెళ్లానని చెప్పాడు, సంతకం పెట్టాడు. మేజరు కనుక అంతటితో మిస్సింగ్ కేసు మూసేశారు. చిట్టీ అప్పు మాత్రం మూయలేదు. దానికి ఇప్పటికీ నెలనెలా కడుతున్నాం.

వీడియోల సంగతి తర్వాత పట్టుకున్నాం. పరువు నష్టానికి పోలీసులు నేరుగా కేసు కట్టరు, మేజిస్ట్రేటు ముందు మనమే ఫిర్యాదు వేయాలి. అంతకంటే ముందు, 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ వేదిక వారి ఫిర్యాదుల అధికారికి రాయవచ్చని వకీలు చెప్పారు. 2025లో ఉన్న గడువుల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు వాళ్లు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. వీడియో లింకు, అబద్ధం ఏ నిమిషంలో ఉందో, కేసు మూసేసిన కాగితం జతచేసి తోటికోడలే రాసింది. చెప్పుల జిగురు గుర్తుపెట్టుకున్న మనిషి, నిమిషాలు సెకన్లతో సహా రాసింది. అలాంటి వీడియోలు మొత్తం మూడు. రెండు తీసేశారు. మూడో ఆయన తనది తనే తీసేసి, అదే ఫొటోతో కొత్తది పెట్టాడు: "భార్యే చంపిందనుకున్న భర్త ప్రత్యక్షం!" దాన్ని మొదటిదానికంటే ఎక్కువమంది చూశారు. ఆమె దాని మీదా ఫిర్యాదు రాస్తోంది.