తిత్లీ నీళ్లు మింగిన మా స్వరాజ్ 724

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది. మహేంద్రతనయ ఏరు పొంగి మా కళ్లం పక్కనున్న పాకలోకి వచ్చేసింది. మాది ఒడిశాలో పర్లాకిమిడికి దగ్గరలో ఉన్న పల్లె. ఏరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం. మా ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. ఆ పాకలోనే నాన్న ట్రాక్టరు ఉంది. నీళ్లు ఇంజన్ సగం దాకా ఎక్కాయి. నీరు తీశాక ఇల్లు, పొలం చూసుకోవడంతోనే సరిపోయింది. ఆ తర్వాత దమ్ముకు అద్దె ట్రాక్టర్లు వస్తుండడంతో దీని జోలికి ఎవరూ పోలేదు. అలా ఏడేళ్లు గడిచిపోయాయి. ఈ డిసెంబరులో పాక కప్పు మార్చాల్సి వచ్చింది. పాత ఇనుము కొనేవాడు వచ్చి రేటు చెప్పాడు. నాన్న ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు. బాగుచేద్దామని నేను ఆ రోజే అనుకున్నాను.

బండి గురించి ఒక మాట. స్వరాజ్ 724 మామూలు బండి కాదు. విదేశీ కంపెనీ సాయం లేకుండా మన దేశంలో డిజైన్ చేసి తయారుచేసిన తొలి ట్రాక్టరు ఇది. దుర్గాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎంఈఆర్ఐ ఇంజనీర్లు డిజైన్ చేస్తే, పంజాబ్ ట్రాక్టర్స్ 1974లో మొహాలీ నుంచి బయటికి తెచ్చింది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. మా దాని మీద రంగు మిగల్లేదు గానీ బానెట్ పక్కన అక్షరాలు ఇంకా చేతికి తగులుతాయి.

మొదటి వారం సెల్ఫ్ స్టార్టర్ జోలికి వెళ్లలేదు. జీపుకు తాడు కట్టి లాగేద్దామన్నాడు బావ. "వద్దల్లుడూ, లోపల ఏది పట్టేసిందో తెలీకుండా లాగితే ఉన్నది కూడా విరుగుతుంది" అన్నారు నాన్న. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు బోల్టు వదులు చేయగానే ముందు నీళ్లు వచ్చాయి, దాదాపు లీటరు. ఆయిల్ కంటే నీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది. అందుకే బోల్టు మెల్లగా తిప్పి, నీళ్లు ఎన్ని వచ్చాయో చూసుకోవాలి. గేరుబాక్సు ఆయిల్ నీళ్లు కలిసి పాలు కలిపిన కాఫీలా ఉంది. డీజిల్ ట్యాంకు అడుగున నల్లటి జిగురు. సైలెన్సర్‌లో కందిరీగ మట్టిగూడు, ఎయిర్ క్లీనర్‌లో ఎలక గూడు. రెండూ పూర్తిగా తీసేదాకా ఇంజన్ తిప్పే ప్రశ్నే లేదు.

ఇంజన్ కదల్లేదు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు రెండూ ఊడదీసి, ఒక్కో సిలిండర్‌లో డీజిల్, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే పల్చటి ఆయిల్) సగం సగం కలిపి చిన్న టీ గ్లాసుడు పోశాను. రోజూ సాయంత్రం ఇంకాస్త పోసి, టాప్ గేరులో పెట్టి, నేనూ బావా వెనక టైరు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపేవాళ్లం. బలంగా కాదు, ఉయ్యాల ఊపినట్టు. ఆరో రోజు ఫ్యాన్ రెక్క వేలు వెడల్పు కదిలింది. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి రెక్క మీద చెయ్యి వేసి, "ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి కదిలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. సిలిండర్‌లో పోసిన ఆయిల్ బయటికి పోయేదాకా ఇంజెక్టర్లు బిగించకూడదు. ద్రవం ఎంత నొక్కినా కుదించుకోదు కాబట్టి పిస్టన్ పైకి వచ్చేసరికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజెక్టర్ రంధ్రాల మీద గుడ్డ కప్పి తిప్పాలి, ముఖం దూరంగా పెట్టుకోవాలి.

సిలిండర్ల మీదుండే హెడ్డు పై మూత తీస్తే, పొగ బయటికి వదిలే ఒక ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. దాన్ని తెరిచే పుష్ రాడ్ వదులుగా ఆడుతోంది. జీపుతో లాగి ఉంటే పిస్టన్ తగిలి ఆ వాల్వు వంగిపోయేదేమో. డీజిల్ పోసి, చెక్కముక్క పెట్టి సుత్తితో చిన్నగా తడుతూ ఉంటే రెండో రోజుకు పైకీ కిందికీ ఆడడం మొదలుపెట్టింది.

అసలు కథ డీజిల్ పంపులో ఉంది. డీజిల్‌ను నెట్టే ప్లంజర్లు వరుసగా ఉండే ఇలాంటి పంపులో డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించేది లోపలున్న ర్యాక్ అనే చిన్న పళ్ల కడ్డీ. పక్క మూత తీసి చూస్తే అది ఫుల్ వైపు పట్టేసి ఉంది. ఇంజన్ ఆపే స్టాప్ కేబుల్ లాగినా కదలడం లేదు. ఆ స్థితిలో ఇంజన్ స్టార్టయితే ఆగదు. పగిలేదాకా స్పీడు పెరుగుతూనే ఉంటుంది. చూసినప్పుడు నిజంగా చేతులు చల్లబడ్డాయి. ఇలాంటి పంపు ఉన్న ఏ పాత డీజిల్ బండి అయినా సరే, బ్యాటరీ పెట్టే ముందు ర్యాక్ చేత్తో అటూ ఇటూ సులువుగా జరుగుతోందా లేదా చూడండి. మిగతా పనుల్లో తప్పు జరిగితే డబ్బు పోతుంది, ఇక్కడ మనిషే పోతాడు.

పంపు తీసే ముందు దాని అంచుకూ ఇంజన్‌కూ కలిపి ఉలితో ఒక గీత కొట్టాను. మళ్లీ బిగించేటప్పుడు టైమింగ్ (డీజిల్ చిమ్మే సరైన క్షణం) కలవడానికి అదే ఆధారం. శ్రీకాకుళంలో పంపు పని చేసే షాపుకు బస్సులో సంచిలో పెట్టుకుని వెళ్లాను. ప్లంజర్లు, డెలివరీ వాల్వులు, ఇంజెక్టర్ల రెండు నాజిళ్లు కొత్తవి పడ్డాయి. మొత్తం ఎనిమిది వేల పైచిలుకు అయింది. మొత్తం పనిలో పెద్ద ఖర్చు ఇదే.

సంక్రాంతి తర్వాత ఆదివారం స్టార్ట్ చేశాం. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, చేతి పంపు కొడుతూ ముందు ఫిల్టర్ దగ్గర, తర్వాత పంపు దగ్గర స్క్రూ వదులు చేసి డీజిల్ గొట్టాల్లోని గాలి తీశాను. నురగ ఆగి డీజిల్ నిండుగా వచ్చాక బిగించాలి. స్టాప్ లాగిపెట్టి, ఆయిల్ హెడ్డు పైకి వచ్చేదాకా సెల్ఫ్ విడతలు విడతలుగా కొట్టాం. చివరగా ఇంజెక్టర్ల దగ్గర నట్లు వదులు చేసి, డీజిల్ చిమ్మగానే బిగించాం. బావ గాలి గొట్టం మూతి దగ్గర మందపాటి పలక పట్టుకుని నిలబడ్డాడు. ఇంజన్ ఆగకపోతే గాలి మూసేయడానికి. గుడ్డ పెట్టకూడదు, లోపలికి లాగేసుకుంటుంది.

మూడో సారికి తెల్లటి పొగ, ఒక దగ్గు. ఐదో సారికి అందుకుంది. టప్ టప్ టప్ మని ఆ రెండు సిలిండర్ల చప్పుడు. నా చిన్నప్పుడు ధాన్యం బస్తాలతో మిల్లుకు వెళ్లిన చప్పుడే. వెంటనే స్టాప్ లాగాను, ఆగింది. ముందు ఆగుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే మళ్లీ స్టార్ట్ చేసి ఆడనిచ్చాం.

క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోయింది. పెడల్ తొక్కినా గేరు పడదు. బండిని విడదీసే ముందు ఇంకో పద్ధతి ప్రయత్నించాం. ఇంజన్ వేడెక్కాక ఆపి, గేరులో పెట్టి, ఖాళీ మడిలో సెల్ఫ్‌తోనే కదిలించి, పెడల్ పూర్తిగా తొక్కిపెట్టి బ్రేకు మాటిమాటికీ కొట్టాను. పదో పన్నెండో సారికి టక్ మని వదిలేసింది. చుట్టూ మనుషులు లేని చోటే ఇది చేయాలి.

ఇప్పటికి గేరుబాక్సులో రెండు సార్లు ఆయిల్ మార్చాను. రెండోసారి తీసినది కూడా కొంచెం తెల్లగానే ఉంది, మూడోసారి మార్చాలి. వెనక లిఫ్ట్ కల్టివేటర్‌ను ఎత్తుతోంది గానీ ఐదు నిమిషాల్లో దించేస్తోంది. టైర్లు పగుళ్లు పట్టాయి.

నిన్న సాయంత్రం పావుగంట ఆడాక నాన్న చెంబులో వేళ్లు ముంచి, ఎగ్జాస్ట్ గొట్టం హెడ్డులో కలిసే రెండు చోట్లా చుక్కలు విదిల్చారు. ముందు వైపు చుయ్ మని ఎగిరిపోయింది. వెనక వైపు చుక్క కాసేపు నిలిచి, మెల్లగా ఆవిరైంది. "రెండోది సగమే పనిచేస్తోందిరా" అన్నారు. పట్టేసిన వాల్వు ఆ సిలిండర్‌దే. ఈ ఆదివారం హెడ్డు దించుతాను.