మోదుగ కొమ్మ, ఒక అందమైన అబద్ధం
ఆదివారం పొద్దున్నే మోదుగ కొమ్మ ముందు పెట్టుకుని వృక్షశాస్త్రపు బొమ్మ వేద్దామని కూర్చున్నా. పూసే రోజుల్లో చెట్టుకు ఆకే ఉండదు కదా! మరి ఆకు, పువ్వు, కాయ ఒకే కాగితం మీద ఎలా? అప్పుడు తట్టింది. వృక్షశాస్త్రపు బొమ్మ ఈ కొమ్మది కాదు, మొత్తం జాతిది. పురుగు కొరికిన ఆకును వదిలేసి, వేర్వేరు నెలల చెట్టును ఒక్క పేజీలో కూర్చేస్తారు. అందమైన అబద్ధం అన్నమాట.

సామర్లకోటలో ఉండగా స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించడం మొదలుపెట్టాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలు 1795–1820 మధ్య లండన్‌లో మూడు సంపుటాలుగా వచ్చాయి. మొక్కలకేమో లాటిన్‌లో రెండేసి పేర్లు. గీసిన చేతులకు ఒక్కటీ లేదు!

నా కొమ్మ మధ్యాహ్నానికే వాడిపోయింది. పువ్వు ఇంకా సగంలోనే ఉంది.